టీకా రోజున వినకూడని సలహాలు

తమిళనాడులో టీకాలకు బుధవారం. రాజపాళయంలో మన రాజుల ఇళ్లలోనూ ఆ పూట పెద్దవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. ప్రేమతోనే చెబుతారు గానీ కొన్ని బిడ్డకు చెరుపు చేసేవి.

"జ్వరం రాకముందే పారాసెటమాల్ పోసెయ్యవే అమ్మాయ్." అన్నిటికంటే నాకు బెంగ పుట్టించేది ఇదే. టీకా పడ్డాక ఒళ్లు వెచ్చబడటం చాలావరకు లోపల పని మొదలైందనడానికి గుర్తు. చెక్ దేశంలో 459 మంది పసివాళ్ల మీద జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ముందుజాగ్రత్తగా ఈ మందు పోసిన పిల్లల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. జ్వరం వస్తే నర్సమ్మ చెప్పిన మోతాదులో పొయ్యండి. రాకపోతే సీసా మూత తియ్యొద్దు. జ్వరం రానంత మాత్రాన టీకా పట్టలేదని కాదు.

"చుక్కలు వేయించేముందు పాలివ్వకు." ఆకలితో గుక్కపట్టే బిడ్డను చూస్తూ కూర్చోవడం ఎందుకు? రోటావైరస్ చుక్కల విషయంలో ఢిల్లీలో పరీక్షించి చూశారు: కాసేపు పాలు ఆపినా ఆపకపోయినా తేడా లేదు. చుక్కల మందు మన పిల్లల్లో కొందరికి సరిగా పట్టదన్నది మాత్రం నిజం. వేలూరు సీఎంసీలో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1970లలోనే ఈ సంగతి బయటపెట్టారు. మూడు విడతల పోలియో చుక్కలు పడినా చాలామందిలో యాంటీబాడీలు రాలేదు. అందుకే మనకు అన్ని విడతలు, ఇప్పుడు పోలియో సూది కూడా. 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు.

"ఛత్రపట్టి బ్యాండేజీ గుడ్డ వేడిచేసి తొడకు కాపడం పెట్టు." ఆ ఊరి నేత గొప్పదే, కాపడం మాత్రం వద్దు. బీసీజీ టీకా వేసినచోట పడే పుండు మీద పసుపూ వద్దు. చీముపట్టి దానంతటదే మానుతుంది.

"తొమ్మిదో నెలలో తట్టు సూది పడిందిగా, రెండోది దేనికి?" తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి బిడ్డ రక్తంలో ఇంకా మిగిలుంటే టీకాను పని చెయ్యనివ్వవు. ఆ వయసులో నూటికి 85 మందికే పడుతుంది. మిగిలినవాళ్ల కోసమే 16 నుంచి 24 నెలల మధ్య రెండో సూది.

"విడత తప్పింది, ఇక మొదట్నుంచీ వేయించాలి." అక్కర్లేదు. ఆగినచోటి నుంచే వేస్తారు. కార్డు పట్టుకుని వచ్చే బుధవారమే వెళ్లండి.