నంబరు లేని బండివాడి మనవి

స్టేషన్ రైటరు గారికి,

అయ్యా,

పోయిన వారం మంగళవారం పొద్దున, మోచేతికి కర్చీఫు కట్టుకుని, ఎనిమిదంకెలా వంకర తిరిగిన చక్రంతో సైకిలు ఈడ్చుకుంటూ మీ బల్ల ముందు నిలబడినవాణ్ణి నేనే. "బండి నంబరు?" అన్నారు. సైకిలండీ అన్నాను. "అదే, నంబరెంత?" అన్నారు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు... మీరు అడిగిన ప్రతిదానికీ లేదు లేదు అంటూంటే, అసలు నేనైనా ఉన్నానా అని నాకే అనుమానం వచ్చింది.

తర్వాత పరిధి సంగతి. నేను పడింది డివైడరుకి ఇవతల, మీ లిమిట్స్‌లో. సైకిలు పోయి పడింది అవతల, పక్క స్టేషన్ లిమిట్స్‌లో. ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉందట. మీకు తెలియదని కాదు, మీ బల్ల మీద అద్దం కిందే ఉంది ఆ కాగితం. దాని మీద టీ కప్పు ఉండటంతో చదవడం కుదరలేదు.

జరిగింది చెబుతాను. కారు నన్ను దాటి, ఇండికేటరన్నా వేయకుండా ఎడమ సందులోకి కట్ కొట్టింది. నేను లేచేసరికి కారాయన దిగి సొట్ట తడుముతున్నాడు. డ్రైవరే గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలని, పోలీసులకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అంటుంది. జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ రోజు జనం ఆగ్రహంగానే ఉన్నారు లెండి, నా మీద. "ఈ వయసులో సైకిలెందుకు బాబాయ్, అవతల ఆఫీసు టైమవుతోంది" అని.

ఇంతలో ఐదువందల నోటొకటి నా చొక్కా జేబులోకి వచ్చింది. తీసి ఇచ్చేశాను. పౌరుషం కాదు, లెక్క. ఒంట్లో వేడి మీద ఆ క్షణాన ఏ నొప్పీ తెలియదు. నాకు మణికట్టు వాచింది రాత్రికి. మర్నాడు ఎక్స్‌రేలో ఎముక విరిగిందన్నారు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయమంటుంది. తప్పెవరిదని తేల్చకుండానే రెండున్నర లక్షలు అడిగే దారి అదే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌లో ఉంది. ఐదొందలకీ రెండున్నర లక్షలకీ మధ్య ఉన్నది ఒక్క ఎక్స్‌రే.

కారు నంబరు మాత్రం ముందే ఫోటో తీసుకున్నాను. మోకాలి ఫోటో తర్వాత తీసుకోవచ్చు, అదెక్కడికీ పారిపోదు. నంబరు దొరక్కపోతే ఆ కారు ఇన్సూరెన్సు కూడా దొరకదు. అప్పుడిక గుద్ది పారిపోయిన కేసుల పథకమే గతి: తీవ్ర గాయానికి యాభై వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు.

ఆసుపత్రిలో "ఎలా తగిలింది?" అనగానే మనవాళ్ల నోటికొచ్చే మాట "జారిపడ్డాను". కేసూ గీసూ ఎందుకని. ఆ మాట కేసుషీటులోకి ఎక్కితే రేపు ఇన్సూరెన్సు లాయరు పట్టుకుని వేలాడేది దాన్నే. నేను "కారు గుద్దింది" అని రెండుసార్లు చెప్పి, మెడికో లీగల్ కేసని రాయించాను. రోడ్డు ప్రమాదానికి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలని 2025 మేలో కేంద్రం పథకం తెచ్చింది. కౌంటరులో అమ్మాయి అడిగింది: "పోలీసు కాగితమేదండీ?" అది మీ దగ్గరుంది. కాదు, ఇంకా పుట్టలేదు.

సోలార్ కప్పు కింద ఇరవై మూడు కిలోమీటర్ల సైకిలు ట్రాకుందిగా, అక్కడ తొక్కుకోవచ్చుగా అన్నారు మీరు. ఉందండీ, ఔటర్ రింగు రోడ్డు పక్కన. పాలప్యాకెట్టు కోసం అంత దూరం పోలేను. పోదామన్నా, ఈ రోడ్డు మీదుగానే పోవాలి.

పరిహారం దావాకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో ఆరు నెలల గడువు పెట్టారు. అందులో తొమ్మిది రోజులు మీ బల్ల దగ్గరే గడిచాయి. మీరు రేపు రమ్మన్నారు కాబట్టి రేపు వస్తాను, ఆటోలో.

ఇట్లు,
విధేయుడు,
నంబరు లేనివాడు

తా.క. సైకిలు రిపేరుకివ్వలేదు, సాక్ష్యమని మీ ఆవరణలో వేపచెట్టుకు ఆనించి వచ్చాను. నిన్న చూస్తే దాని హ్యాండిలు మీద ఎవరిదో యూనిఫాం చొక్కా ఆరేసి ఉంది. పరవాలేదు, ఉండనివ్వండి. బెల్లు జోలికి మాత్రం పోవద్దు, అదొక్కటే బాగుంది.