నా వాటా ఇరవై కిలోలు

నన్ను ఎత్తినవాళ్ళు మరిచిపోతారేమో గానీ, కాలి మీద పడేసుకున్నవాళ్ళు జన్మలో మరిచిపోరు. ఆమదాలవలస దగ్గర ఒక రేకుల షెడ్డులో, మూలకి జారేసి ఉన్న బార్‌ని నేను. ఏడడుగుల పైచిలుకు పొడవు, ఇరవై కిలోల బరువు. పట్టు జారకుండా ఒంటి మీద కోసిన గరుకు గీతలు నడిమి భాగంలో చాలావరకు అరిగిపోయాయి. వానాకాలం తుప్పు పడితే పిల్లలు కొబ్బరి పీచుతో తోముతారు. ఆ పూట ప్రాణం హాయిగా ఉంటుంది.

ప్లేట్లకేం, ముఖం మీదే అంకె ఉంటుంది. జనం ఆ అంకెలే కలుపుకుంటారు. ఒక గుంట వచ్చిన మొదటి రోజు నన్ను పట్టుకుని, "ఏటీ ఎయ్యకుండానే ఇంత బరువేటి మాస్టారూ?" అంది. ఏటీ లేకపోవడమేమిటి, నేను లేనూ!

ఈ ప్రాంతానికి బరువుల పిచ్చి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏనుగును కాటా వేసినవాళ్ళు లేరు కాబట్టి ఆ లెక్క నాకు తెలియదు. నాకు తెలిసిన లెక్కలు ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరితో మొదలయ్యాయి. పన్నెండో ఏట నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఆమె బార్ పట్టింది. ఆ చేతులు నా మీద పడ్డాయని గొప్పలు పోను. ఆ అదృష్టం నా తోటి ఇనుముది. 1994లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, మరుసటి ఏడు చైనాలో మళ్ళీ ఆమే. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఈ పోటీయే లేదు. సిడ్నీలోనే మొదలుపెట్టారు.

2000 సెప్టెంబరు 19. 69 కిలోల విభాగం. స్నాచ్ అంటే బార్ నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి వెళ్ళిపోవాలి. అందులో ఆమె 110 ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణించి పైకి నెట్టాలి. అందులో 130. మొత్తం 240, కంచు పతకం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అని దేశమంతా రాసుకుంది. ఆ 240లో బార్ బరువు రెండుసార్లు కలిసి ఉందని మాత్రం ఎవరూ రాయలేదు.

అదే రోజు అదే ఊళ్ళో, ఈత కొలనులో, నెదర్లాండ్స్ కుర్రాడు పీటర్ వాన్ డెన్ హూగెన్‌బాండ్ వంద మీటర్ల ఫ్రీస్టైల్ సెమీఫైనల్‌ను 47.84 సెకన్లలో ఈదేశాడు. అంతకు ముందు 48 సెకన్ల లోపు ఈదిన మగాడు లేడు. మర్నాడు బంగారం కూడా అతనిదే. నన్ను నాగావళిలో వేస్తే బుడుంగుమంటాను, నాకు ఈత సంగతేం తెలుసు! కానీ అతను సెకనులో వందో వంతుతో పోట్లాడినట్టే, ఇక్కడ రెండున్నర కిలోలతో పోట్లాట. బంగారానికీ వెండికీ వెళ్ళిన బరువు ఒకటే, 242.5. మల్లీశ్వరి ఆగింది 240 దగ్గర.

ఆఖరి ప్రయత్నానికి 137.5 వేయించుకుంది. పడిపోయింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ముందు ప్లేట్లు ఒక్కసారి నేలను కొడతాయి, తర్వాత నా ఒళ్ళంతా సన్నగా జుమ్మంటుంది, ఆ మీదట షెడ్డులో ఎవరూ మాట్లాడరు. 132.5 అడిగి ఉంటే ఏమయ్యేదని ఇరవై ఏళ్ళు దాటాక కూడా టీ కొట్టు దగ్గర వాదించుకుంటారు. బరువు మోయనివాళ్ళకి లెక్కలు బాగా వస్తాయి. నన్నడిగితే, ఆ ఏడున్నర కిలోల గెంతు వేసిన ధైర్యం ముందు నా ఇనుమెంత?

విజయనగరం వైపు, నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడలో మా జాతికి పండగే. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదట వచ్చినామె డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి కంచు వెండి అయింది. బార్‌ని మోసం చేయడం కష్టం. కాటాని చేయవచ్చు, కొన్నాళ్ళు.

నిన్న సాయంత్రం ఆ గుంటే మళ్ళీ వచ్చింది. అరచేతులకు సుద్దపొడి రాసుకుంది. నలభై. మోకాళ్ళ దాకా వచ్చి జారిపోయాను. మాస్టారు నోటుబుక్కులో 40 వేసి, దాని మీద అడ్డగీత కొట్టారు.

"పడిపోనాది గదా, అదీ రాసీసినారేటి?"

"రాయాల మరి."

ఆమె కాసేపు ఆ గీతకేసి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి వంగి, వేలితో ఒక్కోటీ ముట్టుకుంటూ లెక్క చూసుకుంది. "బారు ఇరవై. ఇటు పది. అటు పది."