రోమన్ స్తంభం, ఎర్రగుంట్ల సిమెంటు

కర్నూలు, కడప ఊళ్ల శివార్లలో రోమన్లు దిగారు. వెంచర్ గేటుకు అటు రెండు స్తంభాలు, ఇటు రెండు, నెత్తిన త్రికోణపు కిరీటం. బ్రోచర్‌లో ‘క్లాసికల్’, ‘సస్టెయినబుల్’ అన్న రెండు మాటలు కవలపిల్లల్లా చేతులు పట్టుకుని తిరుగుతుంటాయి.

స్తంభమంటే బరువు మోసేది. గండికోట మాధవరాయ ఆలయంలో రాతి కంభం మీద దూలం, దూలం మీద బండ కూర్చున్నాయి. వెంచర్ స్తంభం మోసేది గజం రేటును మాత్రమే. అసలు బరువు గోడలో దాక్కున్న కాంక్రీటు పిల్లర్‌ది.

ఇక పచ్చదనం సంగతి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతం సున్నపురాతి నేల. ఆ రాయిని పలకలుగా తీస్తే నాపబండ. దానికి బట్టీ అక్కర్లేదు. బేతంచెర్ల బండలు ఊరూరా ఇళ్లలో నేలయ్యాయి, కడప రాయి ముంబై వంటిళ్లలో గట్టయింది. అదే సున్నపురాయిని ఫ్యాక్టరీలో దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటుకు ముడిసరుకు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బొగ్గు పొగ అదనం. రాయిని కాల్చి, పొడి చేసి, మళ్లీ రాయిలా పోతపోసి, పైన పాలరాతి రంగు పూసి, గేటు మీద ఆకు బొమ్మ వేస్తే పర్యావరణహితం పూర్తయినట్టే!

పోనీ, రోమన్లనైనా సరిగ్గా చదివారా? క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కట్టడానికి గట్టిదనం, ఉపయోగం, అందం ఉండాలన్నాడు. చలి దేశంలో ఇల్లు మూసి కట్టమని, ఎండ దేశంలో ఉత్తరానికో ఈశాన్యానికో తెరిచి కట్టమని తన ఆరో పుస్తకం మొదట్లోనే రాశాడు. ఈశాన్యమంటే ప్రాణం పెట్టే మన వాస్తు భక్తులకు నచ్చాల్సినవాడే. మన డిజైనర్ మాత్రం ఆయన స్తంభాలు పట్టుకొచ్చి పుస్తకం అక్కడే వదిలేశాడు. పడమటి గోడకు నిలువెత్తు అద్దం బిగించాడు. సహజమైన వెలుతురు కోసమట. మే నెలలో 40 డిగ్రీలు దాటిన కర్నూలు ఎండ ఆ వెలుతురుతోపాటే లోపలికొస్తుంది. ఎండకు కర్టెన్లు, కర్టెన్ల చీకటికి లైట్లు, మిగిలిన వేడికి ఏసీలు.

సీమ మిద్దెకు మందపాటి రాతిగోడ, దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి, వెలుతురుకు గవాచి ఉండేవి. వానకు కారేది, చౌడు మళ్లీ మళ్లీ పోయాల్సివచ్చేది, దూలాలకు చెదలు పట్టేవి. దాన్ని ఉన్నదున్నట్టు కట్టమని ఎవరూ అనరు. కానీ ఎండను ఆలస్యంగా లోపలికి రానిచ్చే గోడ, నెత్తిన గవాచి, ముందు వసారా, కాళ్లకింద నాపబండ... ఇవి ఇప్పటికీ పనికొచ్చేవే. బ్రోచర్‌కు మాత్రం ఎక్కవు, పాతవట! రెండు వేల ఏళ్లు దాటిన రోమన్ స్తంభం మాత్రం సరికొత్తది.

కడప బండకు ఆ వెంచర్‌లో అసలు చోటే లేదంటే అన్యాయం. డ్రైనేజీ కాలువ మీద మూతలన్నీ అవే.