ఏకప్రవేశ పద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయనని ప్రతినబూని కాళిదాసును వ్యాఖ్యానించెను. ఆ ప్రతిన మాకును శిరోధార్యమే. కాని రైలు టిక్కెట్టు మొదలు పరీక్ష దరఖాస్తు వఱకు ప్రతి వెబ్‌సైటును వేఱొక పేరును, వేఱొక పాస్‌వర్డును అడుగుచుండఁగా, ఒక్క ఖాతాతోనే అన్నిటఁ బ్రవేశింపవచ్చునని ఊరించు బొత్తాములపై ఏ మహాకవియుఁ బద్యము చెప్పకపోవుటచే, మూలమును సయితము వ్యాఖ్యాతయే కట్టుకొనవలసి వచ్చినది.

మూలము (ఆటవెలఁది)

గూగులుండఁ జాలు గుట్టులు మఱచినఁ
దలుపు తట్ట నదియె తలుపు తీయు
నేది నొక్కితినని యెంచలేకుండినఁ
గొత్తవాఁడ వగుదు గుమ్మమందు

ప్రతిపదార్థము

గూగులు = గూగుల్ ఖాతా (ఇది ఉపలక్షణము; ఫేస్‌బుక్, ఆపిల్ ఖాతాలును గ్రాహ్యములు); ఉండన్ చాలు = ఉన్నఁ జాలును; గుట్టులు = పాస్‌వర్డులు; మఱచినన్ = మఱచినను (మఱచుట నిత్యము గనుక సందేహము లేదు); తలుపు తట్టన్ = బొత్తాము నొక్కఁగా; అదియె = ఆ ఖాతాయే; తలుపు తీయున్ = లోనికిఁ బంపును; ఏది నొక్కితిని అని = మునుపు నొక్కిన బొత్తామేదియో అని; ఎంచలేకుండినన్ = జ్ఞప్తికిఁ దెచ్చుకొనలేకున్నచో; గుమ్మమందున్ = చిరపరిచితమైన సైటునందే; కొత్తవాఁడవు అగుదు = రెండవ ఖాతా గలవాఁడవగుదువు.

తాత్పర్యము

ఓ ప్రవేశార్థీ! ఒక్క ఖాతా ఉన్నచోఁ బలు పాస్‌వర్డులను మోయు భారము తీఱును; ఏ ఖాతాతో ఏ సైటునఁ బ్రవేశించితివో గుర్తుంచుకొను భారము దాని స్థానమున వచ్చి కూర్చుండును.

విశేషములు

ఇందలి మర్మము మొవ్వ మండలమందలి కూచిపూడివారి భామాకలాపము నెఱిఁగినవారికి సుగమము. తెరపై జడవేసి, ప్రవేశదరువుతోఁ దానెవతెయో ప్రకటించుకొనుచు సత్యభామ రంగమునకు వచ్చును. సూత్రధారుఁడే చెలికత్తె మాధవియై భర్త పేరు చెప్పుమని నిలదీయఁగా, ఆమె సిగ్గుపడి సంజ్ఞలతోఁ దప్పించుకొనఁజూచును. ఇక్కడను సైటు నీ గుట్టును వినదు. నిన్ను గూగులునొద్దకుఁ బంపును. గూగులు నీ పాస్‌వర్డును దానే పరీక్షించి, ఈతఁడు మా యెఱిఁగినవాఁడేయని టోకెను రూపమున సైటునకు మాట యిచ్చును. 2012లో వెలువడిన ఓఆత్ 2.0 అనుమతిపద్ధతియు, దానిపై 2014లో నిలిచిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ గుర్తింపుపద్ధతియు ఈ మధ్యవర్తిత్వమునకు శాస్త్రములు. కలాపమున సూత్రధారుఁ డొక్కఁడే యగుటచే సభకు సందేహము లేదు. సైటువాకిటనో, నలుగురైదుగురు సూత్రధారులు వరుసగా నిలిచి, క్రిందటిసారి నిన్నుఁ బరిచయము చేసినది మాలో నెవఁడని పాత్రనే యడుగుచుందురు.

పూర్వపక్షము: భారత ప్రభుత్వము 2022లో 'మేరీ పెహచాన్' అను ఏకప్రవేశమార్గమును నెలకొల్పినది గదా, ఇఁకఁ జిక్కేమి? సమాధానము: ఆ మార్గమునకును డిజిలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్ అని మూఁడు వాకిళ్లు గలవు, కావున బహుద్వారదోషము తప్పలేదు.

మఱియొక ఆక్షేపము: మాట యిచ్చువాఁడే మోసపోయినచో? 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ వెల్లడించిన చోరీలో సుమారు 3 కోట్ల ఖాతాల టోకెన్లు దొంగల చేతఁ బడెను. కూచిపూడి నటుఁడు వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీవేషమున సత్యభామయై నిలువఁగా సభ తెలిసి తెలిసి ఆ భ్రాంతికిఁ బరవశించినది. టోకెను ధరించి వచ్చిన చోరుని వేషమునకు యంత్రము తెలియకయే తలయూఁచును, నష్టము ఖాతాదారునిదగును.

సిద్ధాంతము

మఱపు మనుష్యధర్మము, అది యెఱిఁగియు గుమ్మమును ఇట్లు కట్టినవానిదే దోషము. మునుపు నొక్కిన బొత్తాము ప్రక్కన 'క్రిందటిసారి దీనితో వచ్చితిరి' అని చూపుట ఒక్క పంక్తి పని. ఒకే మనుష్యుని రెండు ఖాతాలను, హక్కును పరీక్షించి, కలిపివేయుట రెండవ పని. ఈ రెండును జేయనివాఁడు బొత్తాము లెన్ని పెట్టినను ప్రవేశమును సులభము చేసినవాఁడు కాఁడు. అంతవఱకుఁ బాఠకులు ఏ సైటునకు ఏ బొత్తామో ఒక పుస్తకమున వ్రాసికొని, మూలఖాతాకు రెండంచెల ధ్రువీకరణమును దప్పక పెట్టుకొందురు గాక.