పోయే దారి, వచ్చే దారి: ఒక డైనమో సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పోయే దారెంతో వచ్చే దారంత, తీగ ముందు, డైనమో వెనక.

ఈ సూత్రానికి కర్త ఎవరని వెతకనక్కర్లేదు. వ్యాఖ్యానం రాయాలన్న దురద ముందు పుట్టింది, దానికి తగిన మూలం తర్వాత పుట్టింది. వ్యాఖ్యాతలకు చక్రవర్తి లాంటి మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన పూనిక. మూలం మన చేతిలోదే కాబట్టి మొదటి పూనిక ఇక్కడ సులువుగా నిలుస్తుంది. రెండోదానికి పూచీ లేదు. ఇక ప్రసక్తి. కారులో పెద్ద యాంప్లిఫయరూ, దానికి తగ్గ ఊఫరూ బిగించాక, దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు రెప్ప కొడతాయి. యజమాని వెంటనే "డైనమో చాలట్లేదు, పెద్దది వేయించాలి" అని తీర్మానిస్తాడు. సూత్రం ఈ తీర్మానాన్ని పూర్తిగా కొట్టివేయడం లేదు. వరస తప్పిందంటోంది, అంతే. కానీ వరస తప్పితే ఖర్చయ్యేది వేలల్లో, కలిగే ఫలం దాదాపు సున్నా. అందుకే ఇన్ని మాటలు.

టీక డైనమో అనే పదం నుంచి మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే గొడవంతా దానితోనే. డైనమో: యోగార్థంలో ఇది కమ్యుటేటరు ఉన్న పాతకాలపు డీసీ జనరేటరు. 1960లో క్రైస్లర్ కంపెనీ తన వాలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను అమర్చి అమ్మింది. తర్వాతి ఏళ్లలో తక్కిన కార్లూ ఆ దారే పట్టాయి. యంత్రం మారింది, షెడ్డులో మాట మారలేదు. నువ్వుల నెయ్యి అనే అర్థంలో పుట్టిన నూనె ఇప్పుడు కొబ్బరికీ వేరుసెనగకీ చెల్లుతున్నట్టే, డైనమో ఆల్టర్నేటర్‌కి చెల్లుతోంది. రూఢి (వాడుకలో నిలిచిన అర్థం) యోగాన్ని (పుట్టుకతో వచ్చిన అర్థాన్ని) మింగడం శబ్దశాస్త్రంలో సామాన్యం. కాబట్టి మెకానిక్కు "డైనమో" అంటే అతనికి తెలియదని పెదవి విరవడం తగదు. ఆ డబ్బాలో జరిగేది ఇది: బెల్టు తిప్పితే లోపల రోటరు తిరుగుతుంది. కార్బన్ బ్రష్‌ల మీదుగా దానికి అందే చిన్న కరెంటు దాన్ని అయస్కాంతం చేస్తుంది. చుట్టూ ఉన్న స్టేటరు చుట్లలో మూడు ఫేజుల ఏసీ పుడుతుంది, డయోడ్ ప్లేటు దాన్ని డీసీగా మారుస్తుంది. రెగ్యులేటరు రోటరు కరెంటును పెంచుతూ తగ్గిస్తూ వోల్టేజిని 14 చుట్టూ నిలుపుతుంది. వోల్టేజి రెగ్యులేటరు మాట, ఆంపియర్లు వాడకం మాట: ఈ విభజన ముందుముందు పనికొస్తుంది.

పోయే దారి: డైనమో వెనక ఉన్న బి ప్లస్ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ దాకా వచ్చే తీగ. ఇది అందరికీ కనిపిస్తుంది, ఎర్రగా ఉంటుంది, అందుకే మార్చాలన్నా అందరి చేయీ దీని మీదికే పోతుంది. వచ్చే దారి: సూత్రకారుడి ప్రతిభంతా ఈ మాటలో ఉంది. డైనమో మైనస్ అంటే దాని ఒళ్లే. ఆ ఒళ్లు ఇంజనుకు బిగించి ఉంది. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. కాబట్టి ఇంజను నుంచి బాడీకి ఒక ఎర్తు పట్టీ, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి ఒక తీగ: తిరుగు ప్రయాణమంతా ఈ రెండింటి మీదే. పట్టీ తుప్పు పట్టి తెగితే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటరు కేబులు లాంటి దిక్కుమాలిన దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది. ఎంతో, అంత: ఈ జంటకు కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమమే ఆధారం, చుట్టులో ఎంత కరెంటు పోతే అంతే తిరిగి రావాలి, దారిలో ఒక్క ఆంపియరు కూడా దిగి ఇంటికి పోదు. కనుక ప్లస్ వైపు వేలెడు లావు తీగ వేసి, ఎర్తు వైపు కంపెనీ ఇచ్చిన సన్నపు పట్టీని వదిలేయడమంటే, పెళ్లికి వెళ్లేటప్పుడు బస్సు కట్టి తిరుగు ప్రయాణానికి ఆటో మాట్లాడినట్టు. షెడ్లలో "మూడు వైర్లు మార్చాలి" అనే లెక్క ఇదే: డైనమో నుంచి ప్లస్‌కి ఒకటి, ఇంజను నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి మైనస్‌కి ఒకటి. మల్లినాథుడు కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు. ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాచబాట అని అర్థం. రాచబాట రెండు వైపులా ఉండాలని ఆయన విడిగా చెప్పలేదు, చెప్పనక్కర్లేదనుకొని ఉంటాడు.

తీగ: ఇక్కడ లెక్క తప్పదు. ఒక మీటరు పొడవూ ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతా ఉన్న రాగి తీగ నిరోధం సుమారు 17 మిల్లీ ఓములు. 10 చదరపు మి.మీ. తీగను మీటరున్నర వేసి 100 ఆంపియర్లు పంపితే దారిలో పావు వోల్టు పోతుంది. అదే పొడవు 50 చదరపు మి.మీ. తీగ వేస్తే పోయేది 0.05 వోల్టు. పావు వోల్టే కదా అనిపిస్తుంది. కానీ తీగ ఒక్కటే నిందితుడు కాదు. అసలు దొంగ అతుకులో ఉంటాడు. పెయింటు గీకకుండా బిగించిన ఎర్తు బోల్టు, సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు, పచ్చగా చిలుము పట్టిన టెర్మినలు: వీటిలో ఒక్కచోట 5 మిల్లీ ఓములు పోగైనా 100 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పోతుంది, అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో టంకం వేసే ఐరన్‌కి అంతే వేడి. దాన్ని బానెట్ కింద రాత్రింబగళ్లు పెట్టుకు తిరుగుతున్నామన్నమాట. డైనమో దగ్గర 14.2 ఉన్నా బ్యాటరీకి అందేది 13.5. చాలా రెగ్యులేటర్లు వోల్టేజిని తమ గుమ్మం దగ్గరే కొలుచుకుంటాయి కాబట్టి, ఊరంతా సుభిక్షమే అనుకుంటాయి. బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో ఉండి, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, కాలం తీరకముందే పోతుంది. హెడ్‌లైట్ల సంగతీ ఇంతే: హాలోజెన్ బల్బుకు వోల్టేజి 5 శాతం తగ్గితే వెలుగు 15 శాతానికి పైగా తగ్గుతుంది. రెప్ప కొట్టడానికి అది చాలు.

తీగ కొలతలో ఒక శబ్దచ్ఛలం ఉంది, దాన్ని విప్పకుండా వదలకూడదు. అమెరికన్ గేజిలో అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది. ఎంసెట్ ర్యాంకు లాగ. 8 గేజి ఎనిమిదిన్నర చదరపు మి.మీ. లోపే, 4 గేజి 21, వన్-నాట్ అనేది 53. బజారులో 4 గేజి అని అచ్చేసిన తీగను కోసి చూస్తే ప్లాస్టిక్ తొడుగే బొటనవేలంత, లోపల రాగి చిటికెనవేలంత కూడా ఉండకపోవచ్చు. ఉన్నదైనా అచ్చమైన రాగి కాకపోవచ్చు, రాగి పూత పూసిన అల్యూమినియం కావచ్చు. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. కాబట్టి గేజి అంకెను కాదు, లోహాన్నీ దాని అడ్డుకోతనీ అడగాలి.

ముందు: కాలంలో ముందు అని అర్థం, స్థలంలో కాదు. ఇక్కడ సూచీకటాహ న్యాయం వర్తిస్తుంది. కమ్మరి దగ్గరకు ఒకడు కాగు చేయమనీ, ఇంకొకడు సూది చేయమనీ వస్తే, కమ్మరి సూదిని ముందు ముగిస్తాడు. మూడు తీగలు సూది, డైనమో కాగు. కానీ న్యాయం ఒక్కటే చాలదు, ప్రమాణం కావాలి, అది మల్టీమీటరు. ఇంజను కాస్త రేసు చేసి, లైట్లూ ఏసీ బ్లోయరూ పాటా అన్నీ పెట్టి, మీటరు ఒక మొన డైనమో బోల్టు మీదా, మరో మొన బ్యాటరీ ప్లస్ మీదా ఆనిస్తే, ఆ దారిలో పోతున్న వోల్టేజి నేరుగా కనిపిస్తుంది. 0.2 లోపుంటే దారి బాగున్నట్టు. అలాగే డైనమో ఒంటి మీదా బ్యాటరీ మైనస్ మీదా ఆనిస్తే 0.1 లోపు ఉండాలి. తీగ మార్చాక మళ్లీ కొలవాలి. తర్కంలో అన్వయ వ్యతిరేకాలంటారే, అవి ఇవి: దోషం ఉంటే అంకె ఉంది, దోషం పోతే అంకె పోయింది. ఈ కొలత లేకుండా కొత్త డైనమో కొన్నవాడికి ఆ పాత పావు వోల్టు ఇంకా పెద్దదవుతుంది. ఎక్కువ కరెంటు అదే సన్న దారిలో పోతే నష్టం తగ్గదు, పెరుగుతుంది.

పూర్వపక్షం: తీగలెందుకు, డైనమో ఎందుకు, ఒక కెపాసిటరు పెడితే పోదా? ఒక ఫారడ్ కెపాసిటరు ఒక వోల్టు దిగితే ఇచ్చేది ఒక ఆంపియరు-సెకను. 100 ఆంపియర్లు అడిగితే సెకనులో నూరో వంతులో చేతులెత్తేస్తుంది. మేక మెడ కింద వేలాడే, పాలివ్వని చన్నులు గుర్తొస్తాయి. శాస్త్రకారులు దానికి అజాగళస్తన న్యాయమని గౌరవంగా పేరు పెట్టారు. దరువు మొదటి దెబ్బకు కాస్త ఊతమిస్తుందనే మాట ఒప్పుకోవాలి, అంతకు మించి కాదు. అయితే రెండో బ్యాటరీ? అది కుండే గాని బావి కాదు. ఇంజను ఆపి పాట వింటే ఉపయోగమే. కానీ బండి నడుస్తున్నప్పుడు ఆ కుండను నింపాల్సిన బాధ్యత కూడా పాత డైనమో మీదే పడుతుంది.

మరి లావు తీగ వేసినంత మాత్రాన కరెంటు పుడుతుందా? పుట్టదు. ఈ ఆక్షేపణ బలమైనది. దీనికి జవాబు సూత్రం రెండో సగంలోనే ఉంది. వెనక అంటే తర్వాత అనే గాని, అక్కర్లేదని కాదు. దారి శుద్ధి చేశాక కూడా ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజి 13 కిందికి దిగుతూ ఉంటే, అప్పుడు ఉత్పత్తే చాలట్లేదని తేలినట్టు. అక్కడ మాత్రం డైనమో మీది అంకెను మోసపోకుండా చదవాలి. 120 ఆంపియర్లు అని రాసి ఉంటే అది సాధారణంగా డైనమో నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పటి మాట. శాసనంలో ప్రశస్తి భాగం లాంటిది: రాజు సముద్రాల దాకా ఏలాడని ఉంటుంది, దానం ఇచ్చింది మాత్రం ఊరి చెరువు కింద నాలుగు మడులు. ఐడిల్‌లో ఇంజను 800 చుట్లయితే, పుల్లీ నిష్పత్తి వల్ల డైనమో రెండు వేల చుట్లు దాటి తిరుగుతుంది. అప్పుడొచ్చేది రాసిన అంకెలో సగం చుట్టూ. మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, రేడియేటరు ఫ్యానూ ఏసీ బ్లోయరూ యాంప్లిఫయరూ కలిసి అడిగేది ఆ సగాన్నే. పైగా వేడెక్కిన డైనమో ఇంకా తక్కువిస్తుంది. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సింది ఐడిల్ అంకె. ఆ అంకె చెప్పలేని సరుకు ఎంత మెరిసినా ప్రశస్తి మాత్రమే.

పెద్ద డైనమో బల్బులు కాల్చేస్తుందన్న భయానికి ఆధారం లేదు. వోల్టేజి రెగ్యులేటరు చేతిలో ఉంది. డాబా మీద పెద్ద ట్యాంకు కట్టినంత మాత్రాన కింద కుళాయి పేలదు. కానీ ఖరీదు మాత్రం ఉంది. 14 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లంటే 2100 వాట్లు; డైనమో సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజను ఇవ్వాల్సింది 3800 వాట్లు, అంటే ఐదు గుర్రాలు. అడిగినప్పుడే ఆ భారం, అడగనప్పుడు లేదు. అయినా ఆ ఐదు గుర్రాలనూ లాగాల్సింది నాలుగు గాళ్ల సన్న బెల్టే అయితే అది జారి కీచుమంటుంది, అప్పుడు డైనమో మీద రాసింది ఎంతైనా ఒకటే.

కంపెనీ ఇంజనీర్లకు ఇదంతా తెలియదా అని చివరి ఆక్షేపణ. తెలుసు, వాళ్ల తీగ వాళ్ల బరువుకు సరిపోయింది, బరువు పెంచింది మనం. ఆ మర్యాదతోనే ఇంకో మాట: ఈమధ్య వచ్చిన కార్లలో చాలావాటికి బ్యాటరీ మైనస్ క్లాంపు మీద ఒక చిన్న సెన్సరు ఉంటుంది. అది వచ్చే పోయే కరెంటు లెక్క పెట్టి డైనమోకు ఎంత ఇవ్వాలో కంప్యూటరు చేత చెప్పిస్తుంది. కొత్త ఎర్తును నేరుగా బ్యాటరీ మొన మీద వేస్తే ఆ లెక్క తప్పుతుంది; బాడీ వైపు బోల్టు మీద వేయాలి. ఇక సూత్రంలో లేకపోయినా అధ్యాహారం చేసుకోవాల్సిన పదం ఒకటి ఉంది: ఫ్యూజు. లావు తీగ లావు ప్రమాదం కూడా. తొడుగు రాసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు, ఒక్కోసారి వేలు, అందులోకి కుమ్మరిస్తుంది; తీగ ఎర్రబడేదాకా ఆపే దిక్కుండదు. ఫ్యూజు అంకె తీగను కాపాడేదిగా ఉండాలి, యాంప్లిఫయరు డాబును బట్టి కాదు. చోటు బ్యాటరీ ప్లస్‌కి మూరెడు దూరం లోపు. డైనమో వైపు పెట్టి ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే ఇంజను ఆపేసిన బండిలో డైనమో నిద్రపోతుంది, బ్యాటరీ నిద్రపోదు.