తూము లేని డేటా చెరువు

లెక్కలన్నీ ఒక్కచోట పోసే డేటా లేక్ వస్తోందట. మహా సంతోషం. నాగావళి, వంశధారల మధ్య పుట్టినవాళ్లం, మరో చెరువు వస్తానంటే వద్దంటామా? కాకపోతే మా పక్క గెడ్డకైనా ఒక పేరుంటుంది, ఎక్కడెంత లోతో పశువులు కాసే పిల్లడికి కూడా తెలుసు.

మొన్న పొలం పని మీద ఒక ఆఫీసుకెళ్తే స్క్రీన్ మీద నా బతుకంతా కాలమ్‌లుగా పరిచారు. ఒకదాని పేరు 'ఎక్స్‌ట్_2'. పక్కది 'ఫ్లాగ్7'. ఎక్స్‌ట్ కింద, విస్తీర్ణం కాబోలు, 0.20 అని ఉంది.

ఇరవై ఏమిటి స్వామీ? మన పక్క అది ఇరవై సెంట్లు. తెలంగాణలో ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. హెక్టార్లయితే నలభై తొమ్మిది సెంట్ల చిల్లర. ప్రోగ్రాం ఏ ఊళ్లో రాశారో దాన్నిబట్టి నా మడి సాగుతుంది, ముడుచుకుంటుంది. పోనీ కూడి చూడండి. 0.30కి 0.30 కలిపితే సెంట్ల లెక్కలో 0.60, గుంటల లెక్కలో 1.20. కంప్యూటరు మాత్రం ఎవరడిగినా 0.60 అనే అంటుంది. దానికేం, శిస్తు కట్టేదా, దుక్కి దున్నేదా!

కరణాల్ని 1984లో తీసేశాం. తిన్నారు, తిప్పించారు, నిజమే. కానీ వాళ్లు రాసే అడంగల్ నెత్తిన విస్తీర్ణం ఎకరాలు, సెంట్లని అచ్చేసి ఉండేది. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 'కామెంట్ ఆన్ కాలమ్' అని ఒక్క లైను కొడితే అర్థం, కొలత రెండూ టేబుల్‌కే అంటుకుని ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోనూ అందుకు చోటుంది. ఆ ఒక్క లైను రాయడానికి చేతులు రాలేదు. బద్ధకమని సరిపెట్టుకోను. ఇది పొగరు. పోయేది ఎవడి పొలమో, ఎవడి నోటికాడ కూడో కదా!

వంశధార మీద గొట్టా బ్యారేజీ దగ్గర పారేది క్యూసెక్కులో క్యూమెక్కులో రాయకపోతే ముప్పై అయిదు రెట్ల తేడా. నాసా వాళ్లు 1999లో ఇలాంటి కొలతల తికమకలోనే అంగారకుడి దగ్గర నౌకని పోగొట్టుకున్నారు. తప్పు ఎక్కడుందో వెతికి, ఒప్పుకున్నారు కూడా.

ఆ ఆఫీసులో నా వెనకున్న ముసలాయన కళ్లజోడు సర్దుకుని గుమస్తాని అడిగాడు: "బావూ, ఆ ఇరవై ఏటి? సెంట్లేనా?"

"అది రాసిన సారు బెంగుళూరు ఎల్లిపోనారు తాతా."

"అలగైతే గొలుసట్టుకుని ఓ మనిసిని పంపండి బావూ. గట్టు నాను సూపిస్తాను."