ఒక్కనిమిషోపాఖ్యానం – కర్ణశూలినీ వ్యాఖ్యా సహితం

అవతారిక

పద్యానికి టీక రాయడం మా నెల్లూరు సీమకు కొత్త కాదు. మా జిల్లాలోని వావిళ్ళ అనే ఊరిని ఇంటిపేరుగా మోసుకుపోయిన రామస్వామిశాస్త్రులవారు 1854లో మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. తెలుగు ఇళ్ళలోకి కావ్యాలు టీకా తాత్పర్యాలతో సహా నడిచి రావడానికి ఆ కుటుంబం చేసిన చాకిరీ చిన్నది కాదు. నెల్లూరు వాళ్ళతో నాటకాలాడించిన వేదం వేంకటరాయశాస్త్రిగారు శ్రీనాథుడి శృంగారనైషధానికి ‘సర్వంకష’ రాశారు. ఇంత పరంపరను వెనక పెట్టుకుని, బుచ్చిరెడ్డిపాలెం కోదండరామస్వామి గుడికి కూతవేటు దూరంలో కాపురముంటూ, పూటపూటా చెవినబడే ఒక వాఙ్మయానికి ఇంతవరకు వ్యాఖ్యంటూ లేకపోవడం నాకు వెలితిగా తోచింది. కావ్యం వినాలంటే మనం సభకు వెళ్ళాలి. ఇది మన లుంగీ జేబులోకే వస్తుంది.

మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఆ ఒట్టు వెయ్యలేను. ఈ మూలంలో అక్కర్లేనిది తప్ప మరొకటి లేదు. ఆయన తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు, నేను నాదానికి ‘కర్ణశూలిని’ అని పెట్టుకున్నాను.

మూలం

ఒక్క నిముసమనుచు నోర్పుగా మొదలెట్టి
అప్పు వలదటన్న నాపఁడతఁడు
ఫోను పెట్టివేయ బోలెడు నెంబర్లు
బుచ్చిరెడ్డిపాలె భోగమిదియ!

ఇది ఆటవెలది. ‘నెంబర్లు’ అన్న అన్యదేశ్యాన్ని పండితులు క్షమించాలి. ‘సంఖ్యలు’ అంటే ఛందస్సుకు సరిపోవచ్చు గానీ ఆ మంట రాదు.

ప్రతిపదార్థం

ఒక్క నిముసము అనుచున్ = ‘సార్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?’ అని అంటూ.

ఇక్కడ ‘ఒక్క’ను సంఖ్యావాచకం అనుకున్నవాడు శాస్త్రం చదవనివాడు. అభిధావృత్తిలో ఒక్క నిమిషమంటే అరవై సెకన్లు. లక్షణావృత్తిలో, పొయ్యి మీద పాలు పొంగి, దించి, పొయ్యి తుడుచుకునేంత కాలం. ఇక వ్యంజన ఉంది చూడండి, అది సూక్ష్మం: ‘నువ్వు మర్యాదస్తుడివి, మొహం మీద కాదనలేవు, ఆ సంగతి నాకు తెలుసు’ అని. ‘మాట్లాడొచ్చా?’ అన్నది ప్రశ్నార్థకమే అయినా జవాబును అపేక్షించదు. మనం ‘ఊఁ’ అనేలోపలే వడ్డీరేటు వచ్చేస్తుంది. జవాబు అక్కర్లేని ప్రశ్నను ఆలంకారికులు ఎక్కడ చేర్చారో గానీ, కాల్ సెంటర్ వారు మొదటి వాక్యంగా చేర్చారు.

ఓర్పుగా = ఎదుటివాడి ఓర్పు చచ్చేదాకా. తమ ఓర్పు అని అన్వయించరాదు.

మొదలెట్టి = సుగమం.

అప్పు = ప్రీ అప్రూవ్డ్ లోను. మనం అడగకముందే మనకు మంజూరైన ఋణం. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని పుట్టుకతో మూడు ఋణాలుంటాయని పెద్దలు చెప్పారు. ఇది నాలుగోది. ఉపలక్షణంగా క్రెడిట్ కార్డు, ఆరోగ్య బీమా, కృష్ణపట్నం పోర్టుకు దగ్గర్లో ప్లాటు, పిల్లవాడికి ఇంజనీరింగు సీటు వగైరాలు కూడా ఈ పదంలోనే గ్రహించాలి.

వలదు అటన్నన్ = వద్దు అని అన్నప్పటికీ.

వద్దనడం లోకంలో పలురకాలు. ‘ఇప్పుడు కుదర్దండి’ అనేది మృదువైన వద్దు. ‘పనిలో ఉండా’ అనేది మధ్యమం. ‘ఇంకోసారి చేశావంటే’ అని ఆగిపోయేది ఉత్తమం. మూడింటికీ వారి దగ్గర ఉన్న సమాధానం ఒకటే: ‘ఎందుకు అవసరం లేదో తెలుసుకోవచ్చా సార్?’ ఈ వాక్యాన్ని మెచ్చుకోకుండా ముందుకు పోవడం వ్యాఖ్యాతకు తగదు. అమ్మేవాడు తన సరుకు ఎందుకు కొనాలో చెప్పుకోవడం న్యాయం. ఎందుకు కొననో నేను సంజాయిషీ ఇచ్చుకోవలసిన స్థితికి నన్ను తెచ్చాడు. ‘అప్పు లేకుండా ఎట్టా బతుకుతున్నావు, కారణం చెప్పు’ అని నిలదీసే బజారు ఇదొక్కటే. కారణం చెప్పామా, దానికి జవాబు కూడా వాళ్ళ ముందున్న కాగితంలో సిద్ధంగా ఉంటుంది. కారణం చెప్పకపోతే రేపు మళ్ళీ అడుగుతారు.

ఆపఁడు అతఁడు = అతడు ఆపడు.

శంక: ఈ ‘అతడు’ ఎవరు? ఫోనులో మాట్లాడే కుర్రవాడా?

సమాధానం: కాదు. పద్యానికి కవి వేరు, చదివేవాడు వేరు. మన చెవిలో పడే గొంతు కేవలం పాఠకుడిది. కవి ఎక్కడో చల్లని గదిలో కూర్చుని స్క్రిప్టు రాసినవాడు. ఈ చదివే పిల్లకు, లేదా పిల్లవాడికి, ఒక కాల్ ముగిసీ ముగియకముందే మిషనే ఇంకో నంబరు కలిపిపెడుతుంది. వెనకాల సూపర్‌వైజరు వింటుంటాడు. నెలాఖరుకు టార్గెట్ ఉంటుంది. మనం తిట్టిన తిట్టు ఆ కవిదాకా ఏనాడూ చేరదు. అది డిగ్రీ పూర్తిచేసి, ఫీజు బకాయి తీర్చుకోవడానికి హెడ్‌సెట్ తగిలించుకున్న ఏ పల్లెటూరి పిల్లవాడి చెవిలోనో ఆగిపోతుంది.

దీనికి మా పెద్దమ్మ చేసిన వ్యాఖ్యానం నాదానికన్నా గొప్పది. ఆమెకు ఒక మధ్యాహ్నం అప్పిస్తామని ఫోనొచ్చింది. స్పీకరు పెట్టి మాట్లాడడం ఆమె అలవాటు గనక ఇల్లంతా విన్నాం.

‘అమ్మా, మీకు ఐదు లక్షల లోను శాంక్షనై ఉందమ్మా.’

‘ఎవురిచ్చారు నాయనా?’

‘బ్యాంకు వాళ్ళమ్మా.’

‘నేనడగందే ఎందుకిచ్చారబ్బా? నువ్వేడనించి మాట్లాడతా ఉండావు?’

‘హైదరాబాదమ్మా.’

‘హైదరాబాదు సరేలే. మీ ఊరేది?’

అవతల కాస్త మౌనం. ‘ఆత్మకూరు దగ్గరమ్మా.’

‘మన నెల్లూరు ఆత్మకూరా! ఎవురబ్బాయివి నాయనా? అన్నం తిన్నావా?’

‘ఇంకా బ్రేక్ ఇయ్యలేదమ్మా’ అని, గొంతు తగ్గించి, ‘కాల్ రికార్డవుతా ఉంది, పెట్టేస్తానమ్మా’ అన్నాడు.

మా ఇంటి చరిత్రలో అవతలివాడే ముందు పెట్టేసిన ఫోను అదొక్కటి. స్క్రిప్టులో ‘అన్నం తిన్నావా’కు జవాబు రాసి ఉండదు.

ఫోను పెట్టివేయన్ = ఫోను కట్ చేసి, ఆ నంబరును బ్లాకు చేసినప్పటికీ; బోలెడు నెంబర్లు = వేరువేరు నంబర్లనుంచి (మరల వచ్చును అని అధ్యాహారం).

విశేషం: ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్లనుంచే రావాలని నియమం ఉంది. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ ఖాతాదారులకు సేవకోసం చేసేవాటికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. అంటే నంబరు చూడగానే జాతి తెలిసిపోవాలి. కానీ మామూలు పది అంకెల సిమ్ములతో చేసేవాడికి ఈ జాతినియమం పట్టదు. చుట్టమో, వడ్ల బేరగాడో అనుకుని మనం ఎత్తుతాం. పొలంలో కోత మిషను నడుస్తుంటే, గట్టు మీదికి పరుగెత్తుకొచ్చి ఎత్తిన ఫోనులో ‘కంగ్రాచ్యులేషన్స్ సార్’ అని వినబడితే ఏ రసం పుడుతుందో భరతముని చెప్పలేదు. రౌద్రానికీ కరుణకూ నడుమ ఎక్కడో ఉంటుంది.

ఈ బాధకు మందు వెయ్యాలని ప్రభుత్వం చాలాకాలంగానే ప్రయత్నిస్తోంది. అక్కర్లేని కాల్స్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మొదటి నియమావళి 2007లో వచ్చింది. 2010లో ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ప్రతిపక్ష నాయకులతో సమావేశంలో ఉండగా, ఇంటి అప్పు కావాలా అని ఆయనకే ఫోనొచ్చింది. దేశపు ఖజానా తాళంచెవి ఎవరి మొలలో ఉందో వారికే అప్పిస్తామన్నారన్న మాట. ఇంతకంటే మంచి అతిశయోక్తిని నేను ఏ ప్రబంధంలోనూ చూడలేదు, పైగా ఇది నిజం. ఆ ఏడాది డిసెంబరులో ట్రాయ్ మరో నియమావళి తెచ్చింది. రాత్రి 9 నుంచి పొద్దున 9 దాకా ప్రచార కాల్స్ కూడవంది. 2018లో ఇంకొకటి వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దానికి సవరణలు వచ్చాయి. మూలం మారలేదు, వ్యాఖ్యలు పెరుగుతున్నాయి. నేనిప్పుడు చేస్తున్నదీ అదే కనక తప్పు పట్టలేను.

పాఠాంతరం

రెండో పాదానికి కొన్ని తాళపత్రాల్లో, అనగా కొందరి కాల్ రికార్డింగుల్లో, ‘అప్పు కట్టుమనుచు నాపఁడతఁడు’ అని ఉంది. గణాలూ యతీ రెండూ సరిపోతాయి, మనశ్శాంతే సరిపోదు. ఈ పాఠంలో ‘అతడు’ రికవరీ ఏజెంటు. మొదటి పాఠంలోని ‘సార్’ ఇందులో ‘ఏయ్’ అవుతుంది. ఇక్కడ ఒక చమత్కారం ఉంది: అప్పు తీసుకున్నవాడు, ఫోనందుకున్నవాడు ఒకరే కానక్కర్లేదు. దరఖాస్తులో తెలిసినవారి నంబరు అడిగినప్పుడు ఎవడో మన నంబరు రాసి ఉంటే చాలు.

శంక: ఇది మామూలు జనం బాధ గదా, పెద్దలకు ఇట్టాంటివి ఉండవు గదా?

సమాధానం: ఉంటాయి, అందుకు మా జిల్లాయే ప్రమాణం. 2022 జులైలో అప్పటి వ్యవసాయ మంత్రి, సర్వేపల్లి ఎమ్మెల్యే కాకాణి గోవర్ధనరెడ్డిగారికి, ఎవరో తీసుకున్న అప్పు కట్టమని రికవరీ ఏజెంట్లు వరసబెట్టి ఫోన్లు చేశారు. నెల్లూరు పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే మాజీ మంత్రి అనిల్‌కుమార్ యాదవ్‌గారికీ ఇదే తరహా ఫోను వచ్చింది, ఆ మాటలు జిల్లా అంతా విన్నారు. మంత్రులకు ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. మూడు ఎకరాల కౌలురైతుకు ఫోను చేస్తే వాడి బావమరిదికి, ఆ తర్వాత వాడి బడి స్నేహితుడికి ఫోన్లు పోతాయి. తేడా అంతే. ఆ ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది: పొద్దున 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత అప్పుల వసూలుకు ఫోన్లు చెయ్యకూడదు, బెదిరించకూడదు, ఇంట్లోవాళ్ళ ముందూ స్నేహితుల ముందూ పరువు తియ్యకూడదు. ఈ పాఠాంతరం వినబడ్డవారు ఆ సర్క్యులర్‌ను తాత్పర్యసహితంగా ఏజెంటుకు వినిపించవచ్చు.

విలోమ పాఠం

పద్యాన్ని వెనకనుంచి చదివితే, అంటే మనమే వారికి ఫోను చేస్తే, ‘ఒక్క నిముసము’ అర్థం మళ్ళీ మారుతుంది. తెలుగుకు ఒకటి నొక్కుతాం. మరో దానికి మూడు, ఇంకో దానికి తొమ్మిది. అప్పుడు ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది, మా ప్రతినిధులందరూ ఇతర కస్టమర్లతో మాట్లాడుతున్నారు’ అంటుంది. వారందరూ ఎవరితో మాట్లాడుతున్నారో ఇంతదాకా టీక చదివినవారికి చెప్పనక్కర్లేదు. అమ్మేటప్పుడు మన గొంతుకోసం ఊళ్ళో ఉన్న నంబర్లన్నీ వెతికే సంస్థకు, మన డబ్బు తప్పుగా కోసుకున్నప్పుడు మాట్లాడడానికి ఒక్క మనిషి దొరకడు. ఇక్కడ వ్యాఖ్యాత మౌనం వహిస్తున్నాడు, ఎందుకంటే లైన్లో ఉన్నాడు.

బుచ్చిరెడ్డిపాలె భోగము ఇదియ = బుచ్చికి దక్కిన వైభవం ఇదే సుమా.

ఇక్కడ వ్యాజస్తుతి. పెన్న నీళ్ళు, కనిగిరి చెరువు, మాగాణి, జొన్నవాడ కామాక్షమ్మ అన్నీ పెట్టుకుని ఈ భోగాన్ని చెప్పాడేమిటి కవి అని మా మేనమామ కోప్పడ్డాడు. ఆ భోగాలు అనుభవించనివ్వనిదే ఈ భోగం అని భావం.

తాత్పర్యం

బుచ్చివాసియైన ఒకడు, మర్యాదగా మొదలైన ఫోనును మర్యాదగా వద్దనగా, అవతలివాడు వినక, నంబరు మార్చి మళ్ళీ చేసెను.

ఫలశ్రుతి

దీన్ని పఠించినంత మాత్రాన ఫలం లేదు, 1909 అనే నంబరును జపించాలి. దానికి ఫోను చేసి గానీ, మన సిమ్ము కంపెనీ యాప్‌లో గానీ, ప్రచార కాల్స్ వద్దని నమోదు చేయించుకోవచ్చు. నమోదు చేయించుకోకపోయినా, పది అంకెల మామూలు నంబరునుంచి వచ్చే అమ్మకాల కాల్ మీద 7 రోజుల లోపల అక్కడే ఫిర్యాదు చెయ్యవచ్చు. 2025 సవరణ ప్రకారం అలాంటి నంబరు మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చేరితే టెలికాం కంపెనీ చర్య తీసుకోవాలి. కుర్రవాణ్ణి తిట్టమాకండి, ఆ సమయంలో నంబరు రాసిపెట్టుకోండి. ఐదంటే ఐదే ఫిర్యాదులు. సాయంత్రం గుడి ముందు అరుగు మీద కూర్చుని ఇవే ఫోన్ల గురించి తిట్టుకునేవాళ్ళం అంతకంటే ఎక్కువమందిమే ఉన్నాం. రేపొచ్చేటప్పుడు నంబర్లు తెండి.